కుప్పింటి వేరు, మా గండుపిల్లి

మా అమ్మాయి చదివే అడవి పిల్లుల కథల్లో ఓ వైద్యురాలు పిల్లి ఉంది, రక్తం కారితే సాలెగూడు అద్దుతుంది, పుండుకి బంతి ఆకు నమిలి పెడుతుంది, యూ అనే విషపు చెట్టు ఎర్ర పళ్ళ జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వదు. నేనేమో ఇదంతా కట్టుకథ అనుకున్నా. నిన్న కడియం నుంచి తెచ్చిన బంతి నారు పెడదామని పెరట్లో కుప్పింటి మొక్క పీకానా, మా గండుపిల్లి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గానీ ఆ వేరుకి బుగ్గలు రాసుకుంటూ, చొంగ కార్చుకుంటూ మట్టిలో ఒకటే పొర్లడం! "గజ్జికి మనం ఆకు నూరి రాసుకుంటాం, వాడికి వేరంటే పిచ్చి" అంది అమ్మ, తాపీగా.

ఆ మత్తులోనే గన్నేరు వైపు నడిచేసరికి నాకు టెన్షన్. ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే, నేరుగా గుండె మీదే దెబ్బ. మా అమ్మాయి వెంటనే "పిల్లులకు ప్రవేశం లేదు" అని అట్టముక్క మీద రాసి కొమ్మకి కట్టింది. పొద్దున చూస్తే వాడు ఆ అట్టముక్కనే కొరుకుతున్నాడు.