రెండు లైన్లే కదన్నా!

"అన్నా, రెండు లైన్లే కదా, ఇంకా చూడలేదా?" నేను చూసి సరే అనాల్సిన ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పెట్టి, ఇలా మెసేజ్ పంపేది ఎక్కువగా ఫైనలియర్ పిల్లలు. మొదటి ప్యాచ్ పంపాక ఉండే ఆత్రం నాకూ తెలుసు కాబట్టి విసుక్కోను. కాకపోతే ఐదొందల లైన్ల ప్యాచ్ కన్నా నాకు ఈ రెండు లైన్లంటేనే భయం. పెద్దదైతే నడుం బిగించి కూర్చుంటాం. చిన్నదాని మీద చూపు జారిపోతుంది.

మొన్న ఒక లినక్స్ డ్రైవర్‌కి ఇలాంటిదే వచ్చింది. డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాలుండే చెట్టులాంటి పట్టికలో) చైల్డ్ నోడ్లని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయే లూప్. తరవాతి నోడ్‌కి వెళ్లేటప్పుడు, చేతిలో ఉన్న నోడ్ రిఫరెన్స్‌ని (దాన్ని ఇంకా వాడుతున్నామన్న లెక్కని) లూప్ మాక్రోనే, అంటే ఆ లూప్‌ని నడిపే రెడీమేడ్ కోడే, వదిలేస్తుంది. మధ్యలో రిటర్న్ అయిపోతే మాత్రం ఆ పని మనదే. పాత కోడ్‌లో అది లేదు, అంటే లీకు: వాడటం అయిపోయినా మెమరీ ఖాళీ అవ్వదు. కుర్రాడు పట్టుకున్నాడు, శభాష్. ఊపులో అదే లైన్‌ని పక్కనున్న 'కంటిన్యూ' (తరవాతి నోడ్‌కి వెళ్లమనే మాట) ముందు కూడా పెట్టేశాడు. అక్కడ మాక్రో ఎలాగూ వదులుతుంది, అంటే ఒకే రిఫరెన్స్ రెండుసార్లు వదిలినట్టు. లీకు పోయి అంతకన్నా పెద్ద బగ్గు వచ్చేది.

డిఫ్‌లో (ఏ లైన్లు మారాయో చూపించేదాంట్లో) చూస్తే రెండు లైన్లూ అక్షరం తేడా లేకుండా ఒకటే. కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ మామూలుగా మార్పుకి పైన మూడు, కింద మూడు లైన్లే చూపిస్తుంది. మాక్రో ఏం చేస్తుందన్నది వేరే ఫైల్లో ఉంటుంది. అందుకే నేను ముందు ఫంక్షన్ మొత్తం తెరుస్తాను, డిఫ్ ఆ తరవాతే.

ఈ విషయంలో నేను అందరికీ చెప్పే కథ డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌ది. 2006లో వాళ్ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో, విలువ పెట్టని మెమరీ వాడుతున్నారని మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ గోల పెడుతోందని, ఒకేలా కనిపించే లైన్‌ని రెండు చోట్ల తీసేశారు. ఒకచోట పోయినా నష్టం లేదు. రెండోచోట ఆ లైనే రాండమ్ నంబర్లకి ఎంట్రోపీ, అంటే ఎవరూ ఊహించలేని గుణం, కలిపేది. అది పోయేసరికి తేడా చూపించడానికి దాదాపు ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే మిగిలింది, మామూలుగా 32,768కి మించనిది. అలా తయారైన ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే తాళంచెవులు) ఊహించదగ్గవైపోయాయి. బయటపడింది 2008 మేలో. అడక్కుండా చేసిన పనా అంటే అదీ కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లని అడిగితే, డీబగ్గింగ్‌కి పనికొస్తే తీసెయ్యొచ్చన్న జవాబే వచ్చింది!

కామెంట్లో స్పెల్లింగ్ దిద్దే ప్యాచ్‌లకి ఇంత తతంగం అక్కర్లేదు. చూస్తాను, సరే అంటాను.

మన కుర్రాడికి రెండో లైన్ ఎందుకు వద్దో రాసి, కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే వివరణలో) 'లీక్ ఫిక్స్' అన్న రెండు ముక్కలు చాలవన్నాను. ఏ దారిలో రిఫరెన్స్ మిగిలిపోతోంది, బగ్గు ఏ కమిట్‌తో వచ్చింది, రెండూ ఉండాలి. 2024లో ఈ లూప్‌కి స్కోప్డ్ మాక్రో వచ్చింది కదా, అది వాడనా అన్నాడు. మంచి ప్రశ్నే. అది వాడితే లూప్‌లోంచి ఎటు బయటపడ్డా రిఫరెన్స్ దానంతటదే వదులుతుంది. కానీ ఫిక్స్ పాత స్టేబుల్ కెర్నెళ్లకీ (ఇంకా ఫిక్స్‌లు అందుకునే పాత లినక్స్ వెర్షన్లకీ) వెళ్లాలి, వాటన్నిటిలో ఆ మాక్రో ఉండకపోవచ్చు. ముందు ఈ ఒక్క లైన్ పంపు, మాక్రో మార్పు దాని మీద ఇంకో ప్యాచ్‌గా పెట్టు అన్నాను.