తేలు బొమ్మ కారు, దొరకని నంబరు

నిన్న సాయంత్రం నాలుగున్నరకి మెసేజ్ వచ్చింది, నా కారుకి మన రాష్ట్రం నంబరు ఇచ్చేశారని. సరిగ్గా చేసుకుంటే రెండు మూడు వారాల పని. నాకు రెండున్నర నెలలు పట్టింది. అందులో సగం ఏజెంటు పుణ్యం, సగం నా సొంత తెలివి. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నాను, లేకపోతే పది రోజులు పోయాక "ఆ, ఏముందిలే" అనిపిస్తుంది.

కారు అబార్త్ పుంటో, 2016 మోడల్. తెలియనివాళ్లు చూస్తే మామూలు ఫియట్ పుంటోయే. బానెట్ కింద మాత్రం 1368 సీసీ టర్బో పెట్రోల్ ఇంజను, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. 2015 అక్టోబరులో పది లక్షలకి కాస్త తక్కువ ధరకి వచ్చింది. నాలుగు డోర్లున్నది స్పోర్ట్స్ కారేంటని నవ్వేవాళ్లు ఉంటారు, వాళ్లని పక్క సీట్లో కూర్చోబెట్టి సెకండ్ గేరులో ఒక్కసారి తొక్కితే చాలు, మళ్లీ అడగరు. ఫియట్ వాళ్లు 2019 కల్లా మన దేశంలో కార్లు అమ్మడమే మానేశారు కాబట్టి ఇప్పుడు కావాలంటే ఎవరో ఒకరి దగ్గర పాతది కొనుక్కోవాల్సిందే. నాకు పూనాలో దొరికింది.

ఇంటికి తేగానే మా మావయ్య (అమ్మ తమ్ముడు, జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు) ముందున్న తేలు బొమ్మ చూసి "ఏటిరా ఇది, తేలుని నెత్తి మీద ఎట్టుకుని తిరుగుతావా?" అన్నాడు. అబార్త్ కంపెనీ పెట్టినాయన పేరు కార్లో అబార్త్, నవంబరు 15న పుట్టాడు, ఆయనది వృశ్చికం, అందుకే ఆ గుర్తు అని చెప్పాను. వాళ్ల లెక్క పుట్టిన నెలని బట్టి, మనలాగ చంద్రుడిని బట్టి కాదులే అని కూడా చెప్పాను. "ఆడికేది నడిస్తే మనకెందుకు గానీ, నీకు ఏలినాటి శని నడస్తంది, సూసుకో" అన్నాడు. అప్పుడు నవ్వాను.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. పాత ఓనరు లోన్ తీరిపోయింది, బ్యాంకు లెటరుతో ఫారం 35 ఇచ్చాడు. ఫారం 28 మీద అక్కడి నుంచి ఎన్‌వోసీ (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితం), పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, ఇన్సూరెన్స్, పొల్యూషన్. ఏ తేడా రాలేదు, అన్నీ వచ్చేశాయి. పూనా నుంచి హైదరాబాద్, బెజవాడ, వైజాగ్ మీదుగా రాజాం దాకా దాదాపు 1300 కిలోమీటర్లు నేనే నడుపుకుంటూ వచ్చాను. ఆ మొత్తం దారిలో ఒక్కసారి కూడా కింద తగలని కారు, చిలకపాలెం దగ్గర హైవే దిగి రాజాం రోడ్డెక్కిన పావుగంటలో మూడుసార్లు తగిలింది. కింద గ్యాపు 155 మిల్లీమీటర్లే మరి. ఈ రోడ్డు గురించి మొదలుపెడితే అదే వేరే కథ అవుతుంది, వదిలేస్తున్నాను.

వేరే రాష్ట్రం బండి మన దగ్గర పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, చట్టంలోనే ఉంది. కొంతమంది ఏళ్ల తరబడి అలాగే తిప్పేస్తారు, పట్టుకున్న రోజు ఏడుస్తారు. నాకు అలా ఇష్టం లేదు. పైగా మాది 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఏపీ 30 పోయి ఏపీ 35 వస్తుందేమోనని చిన్న ఆశ ఉండేది గానీ, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరస పెట్టేశారు కాబట్టి ఆ సరదా కూడా లేదు.

ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్లే ముందు పాత ఓనరు చేసిన వేషాలు తీయించాను. ఆర్సీలో రంగు తెలుపు, కారు మీద బూడిద రంగు మ్యాట్ ర్యాప్ (ఒళ్లంతా అతికించే స్టిక్కరు). వైజాగ్‌లో వేడిగాలి మెషిన్‌తో ఒక రోజులో ఒలిపించేశాను. కింద అసలు పెయింటు కొత్తదానిలా ఉంది. పెద్ద శబ్దం చేసే సైలెన్సరు విప్పి, కొన్నప్పుడే అడిగి డిక్కీలో వేయించుకున్న కంపెనీ సైలెన్సరు బిగించాను. ఇక్కడొక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక్కటే చెబుతున్నాయి, ఆర్సీలో ఉన్న వివరాలకీ కంపెనీ ఇచ్చిన దానికీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. మారిస్తే ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా. రంగు మార్చుకోవాలంటే ముందు పర్మిషన్ తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. కాబట్టి పాత బండి కొనేటప్పుడు విప్పేసిన కంపెనీ సామాను మొత్తం అడిగి తెచ్చుకోండి, ఇవ్వనంటే వెయ్యి తక్కువిచ్చి రండి. ఈసీయూ రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) ఎందుకు చేయించలేదని అడిగేవాళ్లకి, మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలుకి అంత బూస్ట్ ఇచ్చి ఇంజను నాకింగ్ తెచ్చుకునే సరదా నాకు లేదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, గొప్పలు అనుకున్నా పర్లేదు. ఈ ఇంజనుకి చైను ఉండదు, టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో బిల్లు లేదు. తెగితే వాల్వులు వంగిపోతాయి, ఇంజను హెడ్డు దింపాల్సిందే. ఫియట్ వాళ్లదే ఇంకో కారు, లీనియా టీ-జెట్‌దీ ఇదే కుటుంబం ఇంజను కాబట్టి సామాను తెప్పించుకోవడం కష్టం కాలేదు. క్యామ్‌షాఫ్టులు కదలకుండా పట్టే లాకింగ్ టూల్ అద్దెకి తెచ్చి, నేనూ మావయ్యా మా పెరట్లో రెండు రోజులు కూర్చుని బెల్టు, టెన్షనరు, దాంతోనే తిరిగే వాటర్ పంపు మార్చేశాం. మొదటి సెల్ఫ్‌కే స్టార్టయింది. మావయ్య బీడీ వెలిగించి, "మిల్లులో దీనికన్నా పెద్ద బెల్టులు కట్టీనాను" అన్నాడు. ఆ రోజు ఈ కారు గురించి నాకు తెలియనిది లేదు అనుకున్నాను. అదిగో, అక్కడే దెబ్బతిన్నాను.

ఈలోపు నేను చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ ఖర్చు, లోపల సెవెన్-డీ మ్యాట్ వేయించడం. తొమ్మిది వేలు. సీటు కవర్ల షాపు కుర్రాడు నేలంతా గమ్ పూసి, అంచు నుంచి అంచు దాకా అతికించేశాడు. చూడటానికి సోఫాలా ఉంది. నేనే పక్కన నిలబడి "అంచులు లేవకుండా గట్టిగా అతికించు తమ్ముడూ" అన్నాను.

ఏజెంటుకి ఫైలిచ్చాను, స్లాట్ తీశాడు, లైఫ్ టాక్స్ బండి వయసును బట్టి లెక్కగట్టారు, కట్టేశాను. బండి చూపించడానికి మావయ్యనీ తీసుకెళ్లాను, గొప్పగా ఉంటుందని. ఏ ఆఫీసో చెప్పను, అవసరం లేదు, అక్కడివాళ్ల తప్పేమీ లేదు కూడా. గ్రౌండ్‌లో ఎఫ్‌సీకి వచ్చిన ఆటోలు వరుసగా ఉన్నాయి, రెండు ట్రాక్టర్లు, లైసెన్సు టెస్టుకి వచ్చిన పిల్లలు. నా కారు చుట్టూ నలుగురు చేరారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి, "బండి బాగా ఉంచారండీ" అన్నారు. నేను టర్బో గురించి మొదలుపెట్టబోతుంటే ఆయన కాగితం మడిచి, "చాసిస్ నంబర్ చూపించండి, పెన్సిల్ ప్రింటు తీయాలి" అన్నారు.

బానెట్ ఎత్తాను. చాలా బళ్లకి ఎత్తగానే ఎదురుగా కనిపిస్తుంది కదా. లేదు. టార్చి కొట్టి వెతికాను, లేదు. రివెట్లు కొట్టిన కంపెనీ ప్లేటు చూపిస్తే ఆయన తలూపి, "ఇది విప్పి ఇంకోటి పెట్టొచ్చండీ, బాడీ మీద గుద్దిన నంబరు కావాలి" అన్నారు. ఇంజను నంబరు బ్లాకు మీద దొరికింది గానీ అది సరిపోదు. కింద పడుకున్నాను. తెల్ల చొక్కా వేసుకుని, ఎండలో, ఎర్రమట్టిలో, సగం కారు కింద, సగం బయట. నా కాళ్ల దగ్గర నిలబడి ఒక ఆటో అతను "అన్నా, ఎనక యాక్సిల్ కాడ సూడు" అంటాడు, ఇంకొకతను "డిక్కీలో స్టెప్నీ తియ్యి" అంటాడు. స్టెప్నీ తీశాను. జాకీ తీశాను. ఇంట్లో మావిడికాయ పచ్చడికి తెచ్చిన ఉప్పు ప్యాకెట్లు బయటపడ్డాయి, నంబరు బయటపడలేదు. ఏజెంటేమో "మారుతీ బళ్లకి ఇక్కడే ఉంటాదండీ" అని నా కారులో మారుతీ కోసం వెతుకుతున్నాడు.

నలభై నిమిషాలు. ఇన్‌స్పెక్టరు గారు మధ్యలో ఆరు ఆటోలు చూసేసి మళ్లీ వచ్చి, చాలా మర్యాదగా, "మీ బండేనా అండీ?" అన్నారు. అదే మాట కసిరి అడిగుంటే ఇంత బాధ ఉండేది కాదు. వెనక ఎవరో "పూనా బండట, నంబరు లేదట" అన్నారు. నేను నీళ్ల కోసం టీ కొట్టు దగ్గరికి వెళ్లేసరికి అది "దొంగ బండట" అయిపోయింది. టైమింగ్ బెల్టు మార్చినవాణ్ణి నేను! మావయ్య వేపచెట్టు కింద కూర్చుని అటు తిరిగాడు, ఎవరో తెలియనట్టు.

ఫైలు వెనక్కిచ్చేశారు.

ఆ రాత్రి అన్నం తినకుండా కారుతో వచ్చిన పుస్తకం తీశాను. సర్వీసు పేజీలన్నిటికీ పసుపు మార్కరు గీసుకున్నాను నేను, ఏ బోల్టు ఎంత బిగించాలో నోటికి వచ్చు. గుర్తింపు నంబర్ల పేజీ మాత్రం ఎప్పుడూ తిప్పలేదు, మనకెందుకులే అని. అందులో సుబ్బరంగా రాసి ఉంది, నంబరు లోపల నేల మీద, ముందు కుడి సీటు పక్కన, కార్పెట్‌లో చిన్న మూత ఉంటుంది, పక్కకి జరిపి చూసుకోండి అని. అంటే రోజూ నేను కూర్చునే సీటు పక్కనే. తొమ్మిది వేల మ్యాటు కింద.

పొద్దున్నే మ్యాటు పీకాం. గమ్ వల్ల కింద కార్పెట్ మూత కూడా మ్యాటుతోపాటు లేచొచ్చేసింది. నంబరు ఉంది, కానీ అక్షరాల గుంటల్లో గమ్ నిండి గట్టిపడి, తారు పోసినట్టుంది. నేను వైరు బ్రష్ అందుకోబోతే మావయ్య చేతి మీద కొట్టాడు. "గీత పడిందంటే నంబరు సెరిపీసినావంతారు, ఆగు" అని. నిజమే. గుడ్డ థిన్నరులో ముంచి పావుగంట దాని మీద ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తోమాడు. మూడుసార్లు అలా చేశాక ఒక్కో అక్షరం తేలింది. ఎంసీఏ అని మొదలై మొత్తం పదిహేడు. మిల్లు ఫిట్టరు చేతులంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మీకెవరికైనా ఇలా జరిగితే ఎమెరీ పేపరు, గ్రైండరు జోలికి అస్సలు పోకండి.

రెండోసారి స్లాట్. ఈసారి సీటు పూర్తిగా వెనక్కి జరిపి, తల డోర్‌లోంచి కిందకి పెట్టి, కాళ్లు బయట వేలాడేసి, నంబరు మీద పెన్సిల్ గట్టిగా రుద్ది, సెల్లోటేపు అతికించి లాగి కాగితం మీద వేశాను. అందంగా వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు చూసి సరే అన్నారు. లోపల కౌంటరు దగ్గర ఆగిపోయింది. దరఖాస్తు ఫారంలో ఏజెంటు చాసిస్ నంబరు చివర్లో సున్నా రాయాల్సిన చోట ఇంగ్లీషు ఓ రాశాడు, ఎన్‌వోసీతో కలవడం లేదు. ఈ పదిహేడు అక్షరాల నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అసలు వాడరు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయనే. నాకది తెలుసు. నంబరు ఎక్కడుందో తెలియదు గానీ అందులో ఏముండదో తెలుసు! ఏజెంటుని అడిగితే "రెండూ గుండ్రంగానే ఉంటాయి కదండీ" అన్నాడు. మూడు వేలు తీసుకున్న మనిషి. మళ్లీ దరఖాస్తు, మళ్లీ స్లాట్, మధ్యలో వరస సెలవులు, పద్దెనిమిది రోజులు పోయాయి. ఈసారి ఫారం నేనే నింపాను, ఒక సాయంత్రం పట్టింది. మీరూ నింపుకోండి, ఆ మూడు వేలకి మంచి ఇంజనాయిల్ వస్తుంది.

మూడోసారి ఐదు నిమిషాలు. ఇన్‌స్పెక్టరు గారు నన్ను గుర్తుపట్టి నవ్వారు, "దొరికిందా?" అని. డోరు తీసి చూపించాను, ఇప్పుడు ఆ మూత చుట్టూ తెల్ల పెయింటు గీత గీసి ఉంది. మావయ్య పక్కనే నిలబడ్డాడు, అడగకపోయినా "మొత్తం నేనే తోమీనానండి" అని చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఆ రోజు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని కావాలనే వెళ్లి రెండు టీలు తాగాను. ఒక్కడూ లేడు.

కొత్త నంబరు ప్లేట్లకి ఈ పొద్దున్న బుక్ చేశాను. పూనాలో కట్టిన టాక్సులో కొంత వాపసు అడగొచ్చు, పాత ఓనరు పేరు మీదే అడగాలట, ఆయన ఫోన్ ఎత్తితే అది చూడాలి. మ్యాటు పారేయడానికి మనసొప్పలేదు, తొమ్మిది వేలు కదా. మావయ్య పశువుల శాలకి పట్టుకెళ్లి లేగదూడ కింద పరిచాడు. అంచులు లేవట్లేదట, గట్టిగా ఉందట.