పాలలా తెల్లబడ్డ ప్లాస్మా

అమ్మ లైటు ఆపమని రెండుసార్లు కేకేసింది. రాత్రి చదివిన రిపోర్టులోని అంకె మాత్రం తల్లోంచి పోవడం లేదు. మిల్లీలీటరు ప్లాస్మాలో పదివేల కోట్ల ఎక్సోసోములట, అంటే కణాలు వదిలే అతిచిన్న సంచులు (వెసికిల్స్)!

బ్లాట్‌లో (ప్రోటీన్ పరీక్షలో) ఎక్సోసోముల గుర్తు సిడి81 బ్యాండు చక్కగా వచ్చింది, కణం లోపలి చెత్తకు గుర్తయిన కాల్నెక్సిన్ జాడ లేదు. అంతవరకు సంతోషమే. ట్యూబు ఫోటోలో ప్లాస్మా పాలలా ఉండాది. నెయ్యి కారం దోసె తిన్న మూడు గంటలకు రక్తమిస్తే అట్లే ఉంటుంది. అవి రక్తంలో కొవ్వును మోసే రేణువులు: కైలోమైక్రాన్లు, వీఎల్‌డీఎల్. నానోపార్టికల్ ట్రాకింగ్ యంత్రం వెలుగును చెదరగొట్టే ప్రతిదాన్నీ లెక్కేస్తుంది. వెసికిలా, కొవ్వు రేణువా అని చూడదు. ఎపోలిపోప్రోటీన్లు (ఆ కొవ్వు రేణువుల ప్రోటీన్లు), ఆల్బుమిన్ (రక్తంలో మామూలు ప్రోటీన్) ఎంత కలిసిందో చూడమని వెసికిల్స్ పరిశోధనకు రాసిన 2018 మైసెవ్ మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ఆ ప్రోటీన్లలో ఒకటైన ఎపోబికి బ్లాట్ వేయలేదు. ఒళ్ళు మండేది ఇందుకే.

వాళ్ళు వాడిన పెగ్ కిట్ (వెసికిల్స్‌ను అడుగుకు దించేది) బదులు సైజును బట్టి వేరుచేసే సెఫరోజ్ సీఎల్-2బి కాలమ్ వాడుంటే సరిపోయేదని రాయబోయినా. కాదు, సరిపోదు. 10 మి.లీ. కాలమ్‌లో అర మి.లీ. ప్లాస్మా పోసి అర మి.లీ. చొప్పున పట్టుకుంటే వెసికిల్స్ ఇంచుమించు 7 నుంచి 10వ భాగాల్లో దిగుతాయి, ఆల్బుమిన్ ఆ తర్వాత. అయితే వీఎల్‌డీఎల్ సైజు కూడా వెసికిల్స్‌దే, రెండూ కలిసే దిగుతాయి. సాంద్రతను బట్టి వేరుచేస్తే వీఎల్‌డీఎల్ పైకి తేలిపోతుంది, హెచ్‌డీఎల్ అనే మరో కొవ్వు రేణువు మాత్రం వెసికిల్స్‌తోనే ఉండిపోతుంది. రెండు పద్ధతులూ వరసగా చేస్తే శుభ్రమవుతుంది గానీ, అర మి.లీ.తో మొదలుపెడితే చివరికి బ్లాట్‌కు కూడా సరుకు మిగలదు.

అతివేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ఒక్కటే దిక్కయిన రోజులు గుర్తొస్తున్నాయి. 300 జి (భూమ్యాకర్షణకు 300 రెట్లు) పది నిమిషాలు, 2,000 జి మళ్ళీ పది, 10,000 జి అరగంట, లక్ష జి డెబ్బై నిమిషాలు, పీబీఎస్ ఉప్పునీళ్ళలో కడిగి మళ్ళీ లక్ష. అడుగున దిగే ముద్ద (పెల్లెట్) కంటికి కనపడదు. ట్యూబును వాలుగా పట్టే యాంగిల్ రోటర్‌లో అది బయటి గోడకు అంటుకుంటుంది కాబట్టి ట్యూబు పెట్టేముందే ఆ వైపు పెన్నుతో గుర్తు పెట్టాలి. లేకపోతే పైనీళ్ళతో పాటు అదీ పోతుంది. లాగ్‌బుక్కులో ఆర్పీఎం (నిమిషానికి తిరుగుళ్ళు) రాసి రోటర్ పేరు రాయకపోతే ఆ అంకెకు విలువే లేదు. అంత కష్టపడినా ఆల్బుమిన్ కలిసే వచ్చేది, వెసికిల్స్ ఒకదానికొకటి అతుక్కునేవి.

కాబట్టి కిట్టునో కాలమ్‌నో తిట్టి లాభం లేదు. చెడేది సూది దగ్గరే. పరగడుపున రావాలి. 21 గేజ్ సూది వాడాలి, మొదటి ట్యూబు పక్కన పెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ లేదా ఈడీటీఏ మంచిది, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. గంటలోపే గది ఉష్ణోగ్రతలో 2,500 జి పదిహేను నిమిషాలు, రెండుసార్లు తిప్పాలి. తెల్లకణాల పొర మీద కాస్త ప్లాస్మా వదిలేయాలి. ప్లేట్‌లెట్లు మిగిలిపోతే, ఫ్రీజ్ చేసి కరిగించినప్పుడు అవే వెసికిల్స్ విడుదల చేస్తాయి. వాటిని ఏ కాలమూ విడదీయలేదు.

తిరుపతి ఎండకు భయపడి ట్యూబులను ఐస్‌పెట్టెలో పంపిస్తున్నారు. మంచి మనసుతోనే. కానీ చల్లదనానికీ ప్లేట్‌లెట్లు రేగుతాయి. మామూలు థర్మోకోల్ పెట్టెలో, నిలువుగా, కుదుపు లేకుండా వస్తే చాలు. నమూనా ఫారంలో ఆఖరిసారి తిన్న టైముకు గడి లేదు, రేపు పెట్టించాలి.