అలలు లేని చోటు

"అక్కడ అలలే లేవు, అక్కడ దిగుదాం నాన్నా!" ఇవాళ పొద్దున్న భీమిలి బీచ్‌లో ఓ బుడ్డోడు. సరిగ్గా అదే దిగకూడని చోటు.

అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఓ పాయ మాత్రం నిమ్మళంగా, ఇసుక కలిసి మట్టిరంగులో ఉందంటే, ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోయే దారి అదే. నురగ ఎటు పోతోందో కాసేపు చూడండి, సముద్రం వైపు జారుతుంటే ఇక అనుమానమే లేదు.

ఆ పాయ మిమ్మల్ని లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఈదొద్దు, దమ్మయిపోతుంది. పాయ వెడల్పు మామూలుగా తక్కువే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగేచోట వాటితో పాటే వచ్చేయండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, అదీ పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీసే వేళ, అసలే దిగొద్దు. పిల్లలకి మోకాలి లోతు చాలదా ఏంటి!