14వ వీడియో: ముద్ర అనుకున్న షాటే వణుకుతోంది

ఆదివారం రాత్రి పన్నెండున్నర దాకా తీసిన 43 టేకుల్లో పనికొచ్చింది ఒక్కటీ లేదు. నేను కడుతున్న బొమ్మరైలు సొరంగంలోంచి ఇంజను ముక్కు బయటికొచ్చే నాలుగు సెకన్లు. ప్రతి వీడియో దాంతోనే మొదలవ్వాలని, అది కనబడగానే "ఓహో, పర్లాకిమిడి చిన్నరైలు వాడు" అని జనం వేలు ఆపాలని నా ప్లాను. కెమెరా ముందు నేను కూర్చోను కాబట్టి నా ముఖం ఆ షాటే. ఆ ముఖానికేమో చలిజ్వరం పట్టుకుంది.

కొత్తవాళ్ళకు ఒక్క ముక్క. నౌపడ నుంచి గుణుపురం దాకా నడిచిన న్యారోగేజి బండికి 1:48లో, అంటే అసలుదానిలో 48వ వంతు సైజులో, నమూనా కడుతున్నాను. అసలు పట్టాల మధ్య 762 మి.మీ., అంటే సరిగ్గా 30 అంగుళాలు. 48తో భాగిస్తే 15.9 వస్తుంది, నేను వాడేది హెచ్ఓ అనే రకం బొమ్మరైళ్ళ పట్టా, 16.5 మి.మీ. ఆ అర మిల్లీమీటరు మీద తగువుకొచ్చేవాళ్ళకి దూరం నుంచే దణ్ణం. 1900లో మొదలైన ఆ లైను 2004లో ఆగేసరికి నాకు తొమ్మిదేళ్ళు. 2011లో బ్రాడ్‌గేజి వచ్చింది, మంచిదే. కిటికీలోంచి చెయ్యి చాపితే తుప్పల ఆకులు తగిలే రైలు మాత్రం కాదది.

ఇంతకీ స్లోమోషన్ ఎందుకంటే, మామూలు వేగంతో తీస్తే పెట్టెలు అగ్గిపెట్టెల్లా టకటకలాడతాయి. సెకనుకు 120 ఫ్రేముల్లో తీసి 30లో ఆడిస్తే నాలుగింతలు నెమ్మదించి ఊపులో బరువొస్తుంది. గంటకు 20 కి.మీ. వేగం మన స్కేలులో సెకనుకు 11.6 సెం.మీ. నాలుగింతలు నెమ్మదిస్తుంది కనుక తీసేటప్పుడు సుమారు 46 సెం.మీ. వేగంతో పరిగెత్తించాలి. మీటరు పొడవు పట్టాని రెండు సెకన్ల చిల్లరలో దాటేయాలి. ఇంజను దాటింది కూడా.

వెలుగే దాటలేదు. వీడియో ఆడిస్తే బొమ్మంతా దడదడమని ఎగసిపడుతోంది. మొదట ఫోను ఎక్స్‌పోజరు తనంతట తాను మారుతోందనుకుని లాక్ చేశాను. అదే దడ. సాయంత్రం మా వీధి వోల్టేజి సంగతి తెలుసు కాబట్టి దాన్ని తిట్టుకుని ఇన్వర్టరు మీదికి మార్చాను. మళ్ళీ అదే. విసుగొచ్చి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టాను. ప్రతి ఆరో ఫ్రేముకీ వెలుగు పడిపోతోంది, అంటే సెకనుకు సరిగ్గా అయిదు దడలు.

ఆ "సరిగ్గా" దగ్గర బుర్ర వెలిగింది. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కెమెరా 120 సార్లు చూస్తుంది. తేడా 20. నాలుగింతలు నెమ్మదిస్తే అయిదు! ఇన్వర్టరు ఇచ్చేదీ 50 హెర్ట్జే కదా, అందుకే మార్పు లేదు. నేను గెంతిన చప్పుడుకి నాన్న లేచి, "ఏట్రా, రాత్రేళ ఈ గెంతులేటి?" అన్నారు.

సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ షట్టరు 1/50 సెకను (సరిగ్గా రెండు మిణుకులు) తెరిచి ఉంచితే ట్యూబులైటు కింద కూడా బొమ్మ నిలకడగానే ఉంటుంది, ఓపెన్ కెమెరా యాప్‌లో చూశాను. 120లో ఆ ఉపాయం కుదరదు. ఒక్కో ఫ్రేముకి దొరికేది మహా అయితే 1/120 సెకను, ఒక మిణుకు పూర్తవడానికి 1/100 కావాలి. కాబట్టి లైటుకే మిణుకు లేని డీసీ కరెంటు ఇవ్వాలి. ట్యూబు ఆపేసి ఎల్ఈడీ స్ట్రిప్పు ఒక్కటే ఉంచాను. అడాప్టరు మీద దడ తగ్గిందే కానీ పోలేదు. పేరూ ఊరూ లేని అడాప్టరు, ఏం చెప్తాం. చివరికి నాన్న బండి బ్యాటరీ పీకి తెచ్చాను. మీటరు పొడవు స్ట్రిప్పు లాగేది 0.4 ఆంపియర్లే. దడ మాయం!

వెంటనే ఇంకో జబ్బు. ఫ్రేమంతా సన్నటి అడ్డ చారలు, పదకొండు. స్ట్రిప్పు వెలుగు తగ్గించే డిమ్మరు బుడిపె తిప్పితే చారల మందం మారుతోంది, సంఖ్య మారట్లేదు. పూర్తిగా తిప్పేస్తే చారలే లేవు. అంటే డిమ్మరు వెలుగు తగ్గించట్లేదు, టపటపా ఆర్పి వెలిగిస్తోంది. దాన్ని పీకేశాను. ఇప్పుడు బాయిలరు మీద తెల్లటి మెరుపు. బటరు పేపరు ఒక పొర వేస్తే చాలలేదు, మూడు వేస్తే సొరంగం నలుపులో గింజలు గింజలుగా నాయిస్. రెండు పొరలు వేసి స్ట్రిప్పుని 20 నుంచి 35 సెం.మీ. ఎత్తుకి జరిపితే కాస్త నయం, అయినా ఇటుకల దగ్గర గింజలు పోలేదు. సొరంగం లోపలి నలుపు మరీ నలుపేమో, ముదురు బూడిదరంగు వేసి చూడాలి. దడని ఎడిటింగులో డీఫ్లికర్ అనే ఫిల్టరుతో కొట్టేయమంటారు కొందరు. పుండు మీద పౌడరు రాయడం నాకిష్టం ఉండదు.

మిగతావి సాఫీ. థంబ్‌నెయిల్ మూలన వేసే "30" గుర్తుని పై ఎడమకి మార్చాను, కింద కుడివైపు నిడివి డబ్బా దాన్ని మింగేస్తోంది. మూడో పెట్టె కప్పు ఫెవికాల్‌తోనే అతికింది. ఇన్‌స్టంట్ గ్లూలు కిటికీ అద్దాల మీద తెల్లపొగ వదుల్తాయి, వాటి జోలికి వెళ్ళొద్దు.

గొంతు సంగతి కూడా. మొదటి నాలుగు వీడియోల్లో వార్తలు చదివినట్టు మాట్లాడాను. మొన్న విన్నాను, సిగ్గేసింది. అయిదో దాన్నుంచి మా ఇంట్లో మాట్లాడే తెలుగే, మధ్యలో ఒరియా ముక్క దొర్లితే దొర్లనీ. రోజుకొకటి పెడితేనే పేరొస్తుందన్న సలహా మాత్రం నాకు పడదు. ఒక్క పెట్టెకే పంతొమ్మిది సాయంత్రాలు పట్టింది, రోజూ ఏం చూపించను, జిగురు ఆరడమా? రెండు వారాలకొకటి, శుక్రవారం, అంతే. ఛానెల్‌కి 412 మంది సబ్‌స్క్రైబర్లున్నారు. 500 అయితే సభ్యత్వాల లాంటివి తెరుచుకుంటాయట, అదప్పుడు చూద్దాం.

తర్వాతది మహేంద్రతనయ నది మీద వంతెన. నీటికి రెసిన్ ఒకేసారి పోస్తే వేడెక్కి పగుళ్ళిస్తుంది, మూడేసి మిల్లీమీటర్లు రెండు పొరలుగా పోస్తాను. దానికంటే ముందు 12 వోల్టుల 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ ఒకటి కొనాలి. పొద్దున్న నాన్న బండి సెల్ఫు అందుకోలేదు, ఏడు కిక్కులు కొట్టారు. ఎందుకో ఇంకా ఆయనకి చెప్పలేదు.