ఆటిజం పిల్లలతో పని: ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) విద్యార్థిగా నా అనుభవం

స్నానం, తిండి, బట్టలు తొడుక్కోవడం లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే చికిత్స ఓటీ. దాని డిగ్రీ బీఓటీ; ఆటిజం కోసమని అందులో విడిగా డిగ్రీ లేదు. మాకు నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత ఎంఓటీలో, అంటే పీజీలో, పీడియాట్రిక్స్ (పిల్లల విభాగం) తీసుకుంటే ఇంకో రెండేళ్లు. అందాకా ఆగకుండా పిల్లల విభాగంలో పోస్టింగు అడిగి మరీ వేయించుకున్నాను.

మొదట నేర్చుకున్నది ఐఎస్ఏఏ, అంటే ఆటిజం ఎంత ఉందో కొలిచే భారతీయ స్కేలు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే కేంద్ర సంస్థ ఎన్ఐఈపీఐడీ, అంటే ఒకప్పటి ఎన్ఐఎంహెచ్, తయారుచేసింది ఇది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 లోపైతే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. కొత్తవాళ్లు తల్లి చెప్పింది విని మార్కులు వేసేస్తారు. పిల్లాణ్ణి ఆడిస్తూ కళ్లారా చూడాలి. పైగా ఈ స్కోరు వైకల్య సర్టిఫికెట్‌కు పనికొస్తుంది కానీ, ఆ పిల్లాడి చేత పళ్లెలా తోమించాలో చెప్పదు.

అది తెలియాలంటే ఇంటి సంగతి అడగాలి. "ఏం సమస్యమ్మా?" అంటే "మాట రావట్లేదు" అని ఆగిపోతారు. "నిన్న పొద్దున బాబు లేచినప్పటి నుంచి వరసగా చెప్పండమ్మా" అంటే స్నానం, తిండి, నిద్ర అన్నీ బయటికొస్తాయి.

తిండి విషయమే చూడండి. మెత్తగా పిసికిన పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లలు చాలామంది. బలం కోసమని పెద్దవాళ్లు అందులో క్యారెట్ కలిపి దాచి పెడతారు. నాలుకకు అది తగలగానే ఉమ్మేస్తాడు. కొందరైతే ఆ రోజు నుంచి పెరుగన్నం కూడా మానేస్తారు. ఉన్న ఒక్క తిండీ పోతుంది. అందుకే పెరుగన్నం జోలికి పోకుండా కొత్తది పక్క గిన్నెలో, కనిపించేలా పెట్టిస్తాం. ముందు చూడటం, తర్వాత వేలితో ముట్టడం, వాసన, పెదవికి తాకించడం, ఆఖరున కొరకడం. ఒక్కో మెట్టుకు వారాలు పట్టొచ్చు. అన్నం పలుకుగా మార్చాలన్నా అంతే: ఆ వారం రుచి, గిన్నె, చోటు ఏవీ మార్చకూడదు. నములుతుంటే పొరపోతున్నా, బరువు తగ్గుతున్నా ముందు డాక్టరుకు చూపించాలి.

థెరపీలో వాడే ఉయ్యాల దగ్గరా జాగ్రత్త కావాలి. ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే చాలామంది కుదుటపడతారు. గుండ్రంగా తిప్పడం చాలా బలమైన కదలిక. నవ్వుతున్నాడు కదా అని తిప్పుతూ పోతే వాంతి కాసేపాగి రావచ్చు. మొహం పాలిపోవడం, చెమట, ఆవలింతలు కనిపిస్తే వెంటనే ఆపాలి.

నా మొదటి ఫైళ్లలో "శ్రద్ధ పెంచాలి" అన్న లక్ష్యాలను సీనియర్ మేడం కొట్టేశారు. కొలవలేనిది రాయొద్దన్నారు. ఇప్పుడు ఇలా రాస్తాను: "ఆరు వారాల్లో, తల్లి ఒక్కసారి మాటతో గుర్తు చేస్తే, 5 సార్లలో 4 సార్లు చొక్కా తానే తొడుక్కుంటాడు."

సెన్సరీ ఇంటిగ్రేషన్ (స్పర్శ, కదలిక లాంటి ఇంద్రియానుభవాలతో చేసే థెరపీ) కోర్సుకు డబ్బు కట్టేముందు, పర్యవేక్షణలో కేసులు చేయిస్తారో లేదో అడగండి. థెరపీ సెంటర్లో ఉద్యోగానికి చేరేముందు మాత్రం ఒకటే అడగండి: సెషన్ జరిగేటప్పుడు అమ్మానాన్నలను లోపల కూర్చోనిస్తారా? వాళ్లను బయటే ఉంచే చోట నేను చేరను. చొక్కా తొడిగేది ఇంట్లో వాళ్లే కదా.