వాచిన రెటీనాలో ఎం6ఏ ఏ కణానిది?

యువైటిస్ (కంటి లోపలి వాపు) తెప్పించిన ఎలుక రెటీనా మొత్తాన్ని నూరి, ఆర్‌ఎన్‌ఏ తీసి, దాని మీది ఎం6ఏ అనే రసాయన గుర్తు ఇంత పెరిగిందని కొలిస్తే ఆ అంకెను నమ్మలేం. మామూలు రెటీనాలో మైక్రోగ్లియా (అక్కడే ఉండే రోగనిరోధక కణాలు) కొద్ది వేలే ఉంటాయి. జబ్బు ముదిరాక రక్తంలోంచి మోనోసైట్లు, టి కణాలు వచ్చి చేరతాయి. గుర్తు మారిందా, లేక కణాల పాళ్లే మారాయా? ఆ కొలత చెప్పదు.

ఎం6ఏ అంటే ఎంఆర్‌ఎన్‌ఏలోని అడినోసిన్‌కు తగిలించిన ఒక మిథైల్. మెటిల్3, మెటిల్14 అనే ప్రోటీన్ల జంట దాన్ని పెడుతుంది. ఎఫ్‌టీఓ, ఏఎల్‌కేబీహెచ్5 తీసేస్తాయి. వైటీహెచ్‌డీఎఫ్2 ఆ గుర్తును పట్టుకుని ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌తో లంకె ఇక్కడే పడుతుంది. మాక్రోఫేజ్‌లలో (క్రిములను మింగే కణాలు) మెటిల్3 లేకపోతే, క్రిములను పసిగట్టే టీఎల్‌ఆర్ గ్రాహకాలకు పగ్గం వేసే ఇరాక్-ఎం ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువసేపు నిలుస్తుంది, కణం దూకుడు తగ్గుతుంది. టి కణాల్లో సైటోకైన్ సంకేతాలను అణిచే సాక్స్ (SOCS) జన్యువుల విషయంలోనూ ఇంతే. అలాగని ఎం6ఏ పెరిగితే ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని సూత్రం కట్టకూడదు. ఐజీఎఫ్2బీపీ లాంటి ప్రోటీన్లు అదే గుర్తున్న ఎంఆర్‌ఎన్‌ఏను కాపాడతాయి. ఏ కణంలో, ఏ ఎంఆర్‌ఎన్‌ఏ మీద, దాన్ని పట్టుకున్నది ఎవరు అన్నవే లెక్కలోకి వస్తాయి.

అందుకే ముందు కణాలను వేరు చేయాలి. రెటీనా తీసేముందు గుండె ద్వారా ఉప్పు ద్రావణం పంపి రక్తనాళాలను కడగండి. కడగకపోతే నాళాల్లోని తెల్లకణాలు లెక్కలో కలిసిపోతాయి. ఎంజైమ్‌తో 37 డిగ్రీల వద్ద విడగొడితే మైక్రోగ్లియా ఆ వేడికే ఉత్తేజితమవుతాయి, చల్లగా విడగొట్టడం మేలు. కణం పైనుండే సీడీ45 ప్రోటీన్ తక్కువ ఉంటే మైక్రోగ్లియా, ఎక్కువ ఉంటే బయటివి అనే పాత గీత యువైటిస్‌లో చెదిరిపోతుంది. ఉత్తేజితమైన మైక్రోగ్లియాలో సీడీ45 పెరుగుతుంది, మైక్రోగ్లియాను గుర్తుపట్టడానికి వాడే పీ2వై12 తగ్గుతుంది. సీఎక్స్3సీఆర్1-క్రీఈఆర్ ఎలుకలకు (మందు ఇస్తే మైక్రోగ్లియా, మోనోసైట్లలో చెరగని రంగు గుర్తు పడేలా మార్చినవి) టామోక్సిఫెన్ మందు ఇచ్చి, కనీసం 4 వారాలు ఆగి, ఆ తర్వాతే జబ్బు తెప్పిస్తే రంగు గుర్తున్నవి మైక్రోగ్లియా అని చెప్పొచ్చు. ఈలోగా పాత మోనోసైట్లు పోయి, ఆ గుర్తు లేని కొత్తవి వచ్చి ఉంటాయి.

ఇలా వేరు చేసిన కణాల నుంచి దొరికేది నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ. కాబట్టి చాలా ఎలుకలవి కలపాలి. ఎం6ఏను పట్టే యాంటీబాడీతో గుర్తున్న ఆర్‌ఎన్‌ఏను లాగాక వచ్చిన సంఖ్యను ఇన్‌పుట్‌తో (లాగకముందు ఉన్న ఆర్‌ఎన్‌ఏతో) భాగించకపోతే ఆ జన్యువు వ్యక్తీకరణ పెరగడమే ఎం6ఏ పెరిగినట్టు కనిపిస్తుంది. ఎం6ఏ ఉన్నదీ లేనిదీ రెండు నియంత్రణ ఆర్‌ఎన్‌ఏలను ప్రతి నమూనాలో కలపండి. యాంటీబాడీ ఎంఆర్‌ఎన్‌ఏ 5' మొదట్లో ఉండే ఎం6ఏఎం అనే మరో గుర్తును కూడా పట్టుకుంటుంది. సిగ్నల్ 5' చివరనే ఉంటే అనుమానించాల్సిందే.

ఎంఆర్‌ఎన్‌ఏ నిలకడను కల్చర్‌లో చూడాలి. కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే ఆక్టినోమైసిన్ డి మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు వేసి 0, 2, 4, 6 గంటల వద్ద తీయడం వాడుక. టీఎన్‌ఎఫ్ లాంటివి అప్పటికే దాదాపు అయిపోతాయి, వాటికి 15, 30, 60 నిమిషాలు పెట్టండి. పోలికకు నిలకడైన 18ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ వాడాలి, యాక్టిన్ ఎంఆర్‌ఎన్‌ఏ అయితే అది కూడా తరుగుతుంది.

మెటిల్3 తగ్గిస్తే వచ్చిన మార్పు మిథైల్ వల్లేనని తేల్చాలంటే, పని చేయని ఉత్ప్రేరక కేంద్రమున్న రూపాన్ని, అంటే ఆ కేంద్రంలోని డీపీపీడబ్ల్యూ అనే నాలుగు అమైనో ఆమ్లాల వరుసను ఏపీపీఏగా మార్చినదాన్ని, తిరిగి పెట్టి చూడాలి. మామూలు మెటిల్3 పెడితే పాత స్థితి తిరిగొచ్చి, ఇది పెడితే రాకపోతే అది మిథైల్ పనే.